అంతర్జాతీయ ప్రయాణాలతో ఎయిర్‌లైన్ స్టేటస్ సంపాదించడం: టికెట్ కొనకముందు నుంచి గోల్డ్ కార్డు దాకా

"ఏడాదికి మూడుసార్లు అమెరికా వెళ్ళొస్తున్నా, నా ఖాతా ఇంకా అట్టడుగు మెట్టు మీదే ఉంది. నా పక్క సీటాయన మాత్రం లాంజ్‌లో ఇడ్లీ తిని వచ్చాడు. ఎలా?" ఈ ప్రశ్న చాలామంది అడిగారు.

కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే. ఒకసారి దోహా మీదుగా, ఒకసారి దుబాయ్ మీదుగా, ఇంకోసారి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా, ఆ రోజు ఏది చవకైతే అది ఎక్కేశారు. మైళ్ళు మూడు ఖాతాల్లోకి చెల్లాచెదురయ్యాయి. స్టేటస్, అంటే తరచూ ఎక్కేవాళ్ళకు ఎయిర్‌లైన్ ఇచ్చే మెట్టు, విమానంలో కూర్చుంటే వచ్చేది కాదు, టికెట్ కొనే రోజునే తేలిపోయేది. అందుకే ఈ మార్గదర్శిలో సగానికి పైగా టికెట్ కొనకముందు చేయాల్సిన పనులే ఉన్నాయి.

## 1. రెండు రకాల మైళ్ళను వేరు చేసి చూడండి

ప్రతి ఫ్రీక్వెంట్ ఫ్లయర్ ప్రోగ్రాములోనూ (తరచూ ఎక్కేవాళ్ళకు ఎయిర్‌లైన్ మైళ్ళిచ్చే పథకం) రెండు ఖాతా పుస్తకాలు నడుస్తుంటాయి.

మొదటిది ఖర్చు పెట్టుకునే మైళ్ళది. వీటితో టికెట్లు కొనుక్కోవచ్చు, సీటు అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు. ఎమిరేట్స్‌లో స్కైవార్డ్స్ మైళ్ళు, ఖతార్‌లోనూ బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లోనూ ఏవియోస్, సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లో క్రిస్‌ఫ్లయర్ మైళ్ళు ఈ రకం.

రెండోది మీ మెట్టును తేల్చేది. ఎమిరేట్స్‌లో టైర్ మైళ్ళు, ఖతార్‌లో క్యూపాయింట్లు, సింగపూర్‌లో ఎలీట్ మైళ్ళు, యునైటెడ్‌లో పీక్యూపీ (ప్రీమియర్ క్వాలిఫయింగ్ పాయింట్లు) అంటారు. వీటితో ఏమీ కొనలేం. ఏడాది ముగిశాక మళ్ళీ సున్నా నుంచి మొదలు.

మనవాళ్ళు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. క్రెడిట్ కార్డు పాయింట్లు లక్ష మార్చుకుని, ఇక గోల్డ్ వచ్చేస్తుందని ఎదురుచూస్తారు. మార్చుకున్న పాయింట్లు మొదటి పుస్తకంలోకే వెళ్తాయి. అమెరికన్ ఎయిర్‌లైన్స్ లాంటి కొన్ని ప్రోగ్రాముల్లో వాళ్ళ సొంత కార్డు మీద పెట్టిన ఖర్చు స్టేటస్‌కూ లెక్కకొస్తుంది. అది మినహాయింపు, రివాజు కాదు.

## 2. మీకు కావాల్సిందేంటో ముందు రాసుకోండి

గోల్డ్ అనే పేరు కాదు, దాంతో వచ్చే సౌకర్యం ముఖ్యం. మన ప్రయాణాల్లో నిజంగా అక్కరకొచ్చేవి ఇవి:

- అదనపు సూట్‌కేసు. స్టార్ అలయన్స్ గోల్డ్ ఉంటే, బరువు లెక్క ఉన్న దారుల్లో 20 కిలోలు ఎక్కువ, బ్యాగుల లెక్క ఉన్న దారుల్లో ఒక బ్యాగు ఎక్కువ. అమెరికా దారుల్లో నడిచేది బ్యాగుల లెక్క. ఆవకాయ, కారప్పొడులు, చీరలు మోసుకెళ్ళే ఇంటికి ఇదొక్కటే చాలు.
- లాంజ్. ఆరేడు గంటల ట్రాన్సిట్‌లో స్నానం, భోజనం.
- చెక్-ఇన్ దగ్గర చిన్న లైను. శంషాబాద్‌లో అర్ధరాత్రి దాటాక గల్ఫ్, యూరప్ విమానాల చెక్-ఇన్ ఒకేసారి మొదలైనప్పుడు దీని విలువ తెలుస్తుంది.
- సామాను బెల్టు మీదికి ముందుగా రావడం. వస్తే అదృష్టం, దీన్ని నమ్ముకుని కనెక్షన్ పెట్టుకోకండి.

ఇప్పుడు నిజాయతీగా ఒక లెక్క వేయండి. ఏడాదికి ఒక్కసారి, ఎకానమీలో, పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చే అమ్మానాన్నలకు స్టేటస్ వెంట పడటం దండగ. అదనపు బ్యాగు డబ్బు కట్టి కొనుక్కోవడమే చవక. ఏడాదికి మూడు దూరప్రయాణాలు దాటేవాళ్ళకు, లేదా కంపెనీ బిజినెస్ క్లాసులో పంపేవాళ్ళకు మాత్రమే ఈ శ్రమ గిట్టుబాటవుతుంది. రెండు ప్రయాణాల వాళ్ళు గట్టున నిలబడ్డట్టే. వాళ్ళ సంగతి 5వ దశలో లెక్క వేస్తే తేలుతుంది.

## 3. మీ దారిని చూసి కూటమిని ఎంచుకోండి

ఎయిర్‌లైన్లు మూడు పెద్ద కూటములుగా ఉన్నాయి. ఒకదాంట్లో సంపాదించిన స్టేటస్‌ను ఆ కూటమిలోని మిగతావాళ్ళూ గుర్తిస్తారు.

స్టార్ అలయన్స్‌లో ఎయిర్ ఇండియా (2014 నుంచి), లుఫ్తాన్సా, సింగపూర్, యునైటెడ్, టర్కిష్, థాయ్ ఉన్నాయి. మెట్లు రెండే: సిల్వర్, గోల్డ్. సిల్వర్‌తో పెద్దగా ఒరిగేదేమీ లేదు. గురి గోల్డ్ మీదే పెట్టండి.

వన్‌వరల్డ్‌లో ఖతార్ (2013 నుంచి), బ్రిటిష్ ఎయిర్‌వేస్, అమెరికన్, క్యాథే, మలేషియా ఉన్నాయి. మెట్లు మూడు: రూబీ, సఫైర్, ఎమరాల్డ్. లాంజ్ సఫైర్ నుంచి మొదలవుతుంది.

స్కైటీమ్‌లో ఎయిర్ ఫ్రాన్స్, కేఎల్‌ఎం, డెల్టా, సౌదియా ఉన్నాయి. ఇక్కడ కావాల్సింది ఎలీట్ ప్లస్.

ఎమిరేట్స్, ఎతిహాద్ ఏ కూటమిలోనూ లేవు. వాళ్ళ స్టేటస్ ప్రధానంగా వాళ్ళ విమానాల్లోనే పనికొస్తుంది. ఎప్పుడూ దుబాయ్ మీదుగానే తిరిగేవాళ్ళకు అదేమీ లోటు కాదు.

ఎంచుకునే పద్ధతి సులువు. గత రెండేళ్ళలో మీరు ఎక్కిన విమానాలన్నీ ఒక కాగితం మీద రాయండి. రాబోయే ఏడాదిలో ఖాయంగా ఎక్కబోయేవి వాటి కింద రాయండి. ఏ కూటమి పేరు ఎక్కువసార్లు వచ్చిందో అదే మీది. డాలస్ వెళ్ళేవాళ్ళకు దోహా దారి కుదరొచ్చు, షికాగో వాళ్ళకు ఫ్రాంక్‌ఫర్ట్ కుదరొచ్చు, మెల్‌బోర్న్ వాళ్ళకు సింగపూర్. పక్కింటివాళ్ళకు పనికొచ్చిన ప్రోగ్రామే మీకూ పనికొస్తుందన్న నమ్మకమేమీ లేదు.

విజయవాడ, విశాఖ, తిరుపతి నుంచి బయల్దేరేవాళ్ళు ఇంకో సంగతి గమనించాలి. ఇండిగో ఏ కూటమిలోనూ లేదు, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ స్టార్ అలయన్స్‌లో సభ్యురాలు కాదు. ఆ మొదటి అంచె విమానాన్ని విడి టికెట్‌గా కొంటే స్టేటస్‌కు లెక్కకు రాదు, మీ గోల్డ్ బ్యాగు అక్కడ చెల్లదు. పెద్ద విమానంలో మూడు సూట్‌కేసులు ఉచితమే, గన్నవరం నుంచి హైదరాబాద్‌కు మాత్రం వాటికి డబ్బు కట్టాలి. ఎయిర్ ఇండియాలో ఢిల్లీ మీదుగా ఒకే టికెట్ తీసుకుంటే ఈ చిక్కు లేదు.

## 4. కూటమి వేరు, ఖాతా వేరు

లుఫ్తాన్సా విమానం ఎక్కితే మైళ్ళు లుఫ్తాన్సా ఖాతాలోనే వేసుకోవాలని ఎక్కడా లేదు. అదే ప్రయాణాన్ని సింగపూర్ ఖాతాలోనో, ఎయిర్ ఇండియా ఖాతాలోనో, యునైటెడ్ ఖాతాలోనో వేసుకోవచ్చు. ఎక్కే విమానం ఒకటి, మైళ్ళు పడే ఖాతా మరొకటి. ఈ ఒక్క విషయం తెలిసినవాళ్ళే మూడు ప్రయాణాల్లో గోల్డ్ కొడతారు.

ప్రోగ్రాములు మూడు రకాలుగా లెక్కిస్తాయి.

దూరాన్ని బట్టి లెక్కించేవి. క్రిస్‌ఫ్లయర్‌లో వరసగా 12 నెలల్లో 25,000 ఎలీట్ మైళ్ళు వస్తే సిల్వర్, 50,000 వస్తే గోల్డ్. టర్కిష్‌లో 12 నెలల్లో 40,000 స్టేటస్ మైళ్ళకు ఎలీట్, అంటే స్టార్ గోల్డ్. దూరం ఎక్కువ, టికెట్ ధర తక్కువ ఉండే ఎకానమీ ప్రయాణికులకు ఈ రకం మేలు.

ఖర్చును బట్టి లెక్కించేవి. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2025 ఏప్రిల్ నుంచి తమ టికెట్లకు ఇదే పద్ధతికి మారింది. పన్నులు పోగా ఒక పౌండు ఖర్చుకు ఒక టైర్ పాయింట్. బ్రాంజ్‌కు 3,500, సిల్వర్‌కు 7,500, గోల్డ్‌కు 20,000. ఒక్కో టికెట్‌లో లెక్కకొచ్చే భాగం 500 పౌండ్లు అనుకుంటే, సిల్వర్‌కు పదిహేనుసార్లు తిరగాలి. కంపెనీ బిజినెస్ టికెట్ కొనిపెట్టేవాళ్ళకే ఇది. ఎయిర్ ఇండియా కూడా 2024లో ఖర్చు లెక్కకే వచ్చింది. యునైటెడ్‌లో వాళ్ళ టికెట్ మీద ఒక డాలరుకు ఒక పీక్యూపీ. 2025 లెక్క ప్రకారం గోల్డ్‌కు 10,000 పీక్యూపీతో పాటు 30 విమానాలు, లేదా ఒట్టి 12,000 పీక్యూపీ.

విమానానికింత అని పాయింట్లిచ్చేవి. ఖతార్ దారిని బట్టి, క్లాసును బట్టి క్యూపాయింట్లు ఇస్తుంది. సిల్వర్‌కు 150, గోల్డ్‌కు 300, ప్లాటినమ్‌కు 600. గోల్డ్ అంటే వన్‌వరల్డ్ సఫైర్. లుఫ్తాన్సా వాళ్ళ మైల్స్ అండ్ మోర్‌లో 650 పాయింట్లకు ఫ్రీక్వెంట్ ట్రావెలర్, 2,000కు సెనేటర్. సెనేటర్ అయితేనే స్టార్ గోల్డ్, ఎకానమీలో అక్కడిదాకా వెళ్ళడం చాలా కష్టం.

ఎమిరేట్స్ రెండు దారులూ తెరిచి ఉంచుతుంది. సిల్వర్‌కు 25,000 టైర్ మైళ్ళు లేదా 25 విమానాలు, గోల్డ్‌కు 50,000 లేదా 50 విమానాలు.

ఈ అంకెలు ప్రోగ్రాములు మారుస్తూనే ఉంటాయి. టికెట్ కొనే వారంలో ఒకసారి వాళ్ళ సైటులో సరిచూసుకోండి.

అమెరికాలో ఉండే మనవాళ్ళకు ఒక కిటుకు. యునైటెడ్ సొంత గోల్డ్ సభ్యులకు అమెరికా లోపలి ప్రయాణాల్లో లాంజ్ లేదు. అదే స్టార్ గోల్డ్ క్రిస్‌ఫ్లయర్ నుంచో టర్కిష్ నుంచో వచ్చినదైతే యునైటెడ్ క్లబ్‌లోకి రానిస్తారు. వన్‌వరల్డ్‌లోనూ ఇదే తంతు: అమెరికన్ సొంత సభ్యులకు దేశీయ ప్రయాణంలో లేనిది, ఖతార్ గోల్డ్ సభ్యుడికి ఉంటుంది. ఇంటి అల్లుడికన్నా పొరుగింటి అల్లుడికి మర్యాద ఎక్కువన్నమాట. కాకపోతే దీనికో ఖరీదుంది. ఉచిత అప్‌గ్రేడ్లు, ముందు వరస సీట్లు సొంత సభ్యులకే ముందు ఇస్తారు. లాంజ్, బ్యాగు చాలనుకునేవాళ్ళు పొరుగు ప్రోగ్రాములో ఉండండి.

## 5. బుకింగ్ క్లాస్: అసలు కథ ఇక్కడ ఉంది

ఎకానమీ అంటే అందరికీ ఒకే టికెట్ కాదు. ఒకే వరసలో కూర్చున్న ముగ్గురి టికెట్ల మీద వై, ఎం, కె అని మూడు వేర్వేరు అక్షరాలు ఉండొచ్చు. ఆ ఒక్క అక్షరమే మీకెన్ని మైళ్ళు పడాలో తేలుస్తుంది. ఒకటి దూరానికి నూరు శాతం ఇస్తే, ఇంకొకటి సగమే ఇస్తుంది, మరొకటి అసలేమీ ఇవ్వదు. ఒక ఎయిర్‌లైన్‌లో కె అంటే ఉన్న అర్థం ఇంకో ఎయిర్‌లైన్‌లో ఉండదు.

ఒక లెక్క చూద్దాం. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ సుమారు 4,400 మైళ్ళు. అక్కడి నుంచి షికాగో సుమారు 4,350. రానూపోనూ 17,500 మైళ్ళు. దీన్ని క్రిస్‌ఫ్లయర్ లాంటి దూరం లెక్కించే ఖాతాలో వేస్తున్నారనుకోండి.

- నూరు శాతం ఇచ్చే క్లాస్ దొరికితే: 17,500 × 3 = 52,500. మూడు ప్రయాణాలకే గోల్డ్.
- యాభై శాతం ఇచ్చే క్లాస్ అయితే: 8,750 × 6 = 52,500. ఆరు ప్రయాణాలు.
- పాతిక శాతమైతే: పన్నెండు. అంటే నెలకోసారి. వద్దులెండి.

విమానం అదే, సీటు అదే, భోజనం అదే. రెండు క్లాసుల ధరల మధ్య తేడా ఐదారు వేలే ఉంటే పైదే తీసుకోండి. ముప్పై వేలు ఉంటే స్టేటస్ సంగతి మర్చిపోయి డబ్బు మిగుల్చుకోండి. ఏడాదికి రెండు ప్రయాణాల వాళ్ళు నూరు శాతం క్లాస్‌లో కూడా 35,000 దగ్గరే ఆగుతారు. మధ్యలో ఇంకో నాలుగు సింగపూర్ ట్రిప్పులు ఉంటే తప్ప గోల్డ్ అందదు. ఇప్పుడు తేల్చుకోండి.

లెక్క వేసే వరస:

1. ఎయిర్‌లైన్ సైటులో టికెట్ ఎంచుకుని, డబ్బు కట్టకముందు వివరాల్లోకి వెళ్ళి బుకింగ్ క్లాస్ అక్షరం చూడండి. ఏజెంటు దగ్గరైతే అడగండి. చెప్పనంటే ఇంకో ఏజెంటును చూసుకోండి.
2. మీరు మైళ్ళు వేసుకోబోయే ప్రోగ్రాము సైటులో, విమానం నడిపే ఎయిర్‌లైన్ పేజీ తెరవండి. అక్కడ ఏ అక్షరానికి ఎంత శాతమో పట్టిక ఉంటుంది.
3. దూరాలను గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైటులో చూసుకోండి. ఒక్కో అంచెకూ విడివిడిగా.
4. ప్రతి అంచె అక్షరాన్నీ చూడండి. వెళ్ళేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఇంకొకటి ఉండటం మామూలే.
5. కోడ్‌షేర్ అయితే నడిపేదెవరో, అమ్మేదెవరో రెండూ రాసుకోండి. విమానం నంబరు ఒకరిది, విమానం ఇంకొకరిది. ఏ పేరుతో లెక్కిస్తారో ప్రోగ్రామును బట్టి మారుతుంది.

ఎమిరేట్స్, ఖతార్ సొంత విమానాల్లోనే తిరిగేవాళ్ళకు ఇంత గొడవ లేదు. వాళ్ళ సైట్లలో కాలిక్యులేటర్ ఉంటుంది. ఊర్లు, టికెట్ రకం ఇస్తే అదే చెప్పేస్తుంది. ఎమిరేట్స్‌లో మాత్రం స్పెషల్, సేవర్, ఫ్లెక్స్, ఫ్లెక్స్ ప్లస్ అని నాలుగు రకాల టికెట్లు ఉంటాయి. చవక రకాలకు మైళ్ళు బాగా తగ్గుతాయి.

## 6. ఖాతా తెరవడం: మన పేర్లతో వచ్చే తంటా

ఖాతా తెరవడం ఐదు నిమిషాల పని. పేరు దగ్గరే మనకు ప్రత్యేకంగా చిక్కు.

మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒక గడిలో, రెండు మూడు మాటల పేరు ఇంకో గడిలో ఉంటాయి. టికెట్ మీద ఆ మూడు మాటలూ కలిసిపోయి ఒకటే పొడుగాటి మాటగా పడతాయి. ఖాతాలో మాత్రం స్నేహితులు పిలిచే చిన్న పేరు రాసుకుంటాం, ఇంటిపేరుకు బదులు ఒక్క అక్షరం పెడతాం. రెండూ కలవవు. మైళ్ళు గాల్లోనే ఆగిపోతాయి.

నా మొదటి ఖాతాలో ఇంటిపేరును పొట్టిగా రాసి, పేరును ముందుకు తెచ్చాను, ఆఫీసులో రాసే అలవాటు కొద్దీ. రెండు దూరప్రయాణాల మైళ్ళు పడలేదు. సరిచేయించుకోవడానికి పాస్‌పోర్టు కాపీ పంపి నెలన్నర ఎదురుచూశాను.

- ఇంటిపేరు గడిలో పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఉన్నదే రాయండి. ఒక్క అక్షరం కూడా తగ్గించొద్దు.
- పేరు గడిలో మిగతా మాటలన్నీ, అదే వరసలో.
- పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, ఖాతా తెరవకముందే ఎయిర్‌లైన్‌ను అడిగి, టికెట్ మీద ఎలా వేస్తారో అలాగే ఖాతాలోనూ వేయండి. అమెరికా వీసాలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడినవాళ్ళు ఇది తప్పకుండా చేయాలి.
- పెళ్ళి తర్వాత పాస్‌పోర్టులో ఇంటిపేరు మారితే, కొత్త ఖాతా తెరవకుండా పాతదాన్నే మార్పించుకోండి. రెండు ఖాతాలుంటే రెంటినీ మూసేసే ప్రమాదం ఉంది.
- ఆఫీసు ఈమెయిల్ ఇవ్వకండి. ఉద్యోగం మారిన రోజు ఖాతాకూ దూరమవుతారు.

కంపెనీ డబ్బుతో తిరిగినా మైళ్ళు సాధారణంగా ప్రయాణించిన మనిషివే. మీ కంపెనీ నియమాలు ఒకసారి చదువుకోండి, అంతే.

## 7. ఏడాది ఎప్పుడు మొదలవుతుంది?

ఇది చూసుకోక సంక్రాంతికి ఊరొచ్చేవాళ్ళు ఏటా నష్టపోతారు.

యునైటెడ్, మైల్స్ అండ్ మోర్ జనవరి నుంచి డిసెంబరు దాకా లెక్కిస్తాయి. బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఏప్రిల్ నుంచి మార్చి దాకా. అమెరికన్ మార్చి నుంచి ఫిబ్రవరి దాకా. క్రిస్‌ఫ్లయర్, ఖతార్ క్యాలెండర్ ఏడాదితో పని లేకుండా వరసగా 12 నెలలు చూస్తాయి.

డిసెంబరు 27న న్యూజెర్సీలో బయల్దేరి, పండగ చేసుకుని జనవరి 18న తిరిగెళ్ళేవాళ్ళ ప్రయాణం యునైటెడ్ లెక్కలో రెండేళ్ళకు చీలిపోతుంది. వెళ్ళేది ఒక ఏడాదిలో, వచ్చేది మరో ఏడాదిలో. అదే ప్రయాణం అమెరికన్ ఖాతాలో అయితే చీలదు, రెండూ ఫిబ్రవరిలోపే. సంక్రాంతి ప్రయాణాలు తప్పనిసరైన వాళ్ళకు మార్చి-ఫిబ్రవరి ఏడాది అచ్చొస్తుంది.

ఖాతా పేజీలో ఈ మూడు తేదీలు వెతికి ఫోన్ క్యాలెండర్‌లో వేసుకోండి: లెక్క మొదలైన రోజు, లెక్క ముగిసే రోజు, స్టేటస్ వస్తే ఎప్పటిదాకా ఉంటుందో ఆ రోజు.

## 8. టికెట్ కొన్న రోజు, ఎక్కే రోజు

కొన్న రోజు:

- పీఎన్‌ఆర్‌లో ఫ్రీక్వెంట్ ఫ్లయర్ నంబరు ఎక్కించండి. మొత్తం టికెట్‌కు కాదు, ప్రతి అంచెకూ, ప్రతి మనిషికీ ఉందో లేదో చూడండి.
- ఈ-టికెట్‌లో 13 అంకెల టికెట్ నంబరు దాచుకోండి. మొదటి మూడు అంకెలు టికెట్ ఎవరిచ్చారో చెబుతాయి: ఎయిర్ ఇండియాకు 098, ఖతార్‌కు 157, ఎమిరేట్స్‌కు 176, లుఫ్తాన్సాకు 220, సింగపూర్‌కు 618. అది ఆరు అక్షరాల బుకింగ్ కోడ్ (పీఎన్‌ఆర్) కాదు, కంగారుపడి రెండూ ఒకటే అనుకోకండి.

ఎక్కే రోజు:

- బోర్డింగ్ పాస్ మీద మీ నంబరు పడిందేమో కౌంటరు దగ్గరే చూడండి. పడకపోతే అక్కడే చెప్పండి. గేటు దగ్గరికి వెళ్ళాక ఎవరికీ తీరిక ఉండదు.
- ప్రతి బోర్డింగ్ పాస్‌కూ ఫోటో తీయండి. ఆ కాగితం మీది అచ్చు కొన్నాళ్ళకు వెలిసిపోతుంది.
- విమానం రద్దై వేరే ఎయిర్‌లైన్‌లో ఎక్కిస్తే, కొత్త విమానంలో క్లాస్ అక్షరం మారుతుంది, మైళ్ళు తగ్గొచ్చు. పాత టికెట్ కాపీ ఉంటే మొదటి క్లాస్ ప్రకారమే ఇమ్మని అడగొచ్చు.

## 9. మైళ్ళు పడకపోతే

సొంత ఎయిర్‌లైన్ మైళ్ళు రెండు మూడు రోజుల్లో పడతాయి. భాగస్వామి ఎయిర్‌లైన్ అయితే రెండు వారాలు ఆగండి. అప్పటికీ పడకపోతే ప్రోగ్రాము సైటులో మిస్సింగ్ మైల్స్ దరఖాస్తు నింపండి. 13 అంకెల టికెట్ నంబరు, బోర్డింగ్ పాస్ ఫోటో జత చేయండి. దరఖాస్తుకు గడువు చాలాచోట్ల ఆరు నెలల నుంచి ఏడాది లోపే.

"ఈ క్లాసుకు మైళ్ళు రావు" అని జవాబొస్తే, 5వ దశలో చూసుకున్న పట్టిక స్క్రీన్‌షాట్ పంపండి. అది లేకపోతే వాదించి లాభం లేదు.

## 10. తరచూ జరిగే పొరపాట్లు

విద్యార్థి టికెట్, గ్రూప్ టికెట్. అదనపు బ్యాగు ఇస్తారు గానీ, వీటి క్లాస్ చాలాసార్లు మైళ్ళకు పనికిరానిది. ఒక్కసారే వెళ్ళే విద్యార్థికి బ్యాగే మేలు. ఏడాదికి నాలుగుసార్లు తిరిగేవాళ్ళు మాత్రం ఏజెంటు చెప్పిన గ్రూప్ ధర చూసి పడిపోకండి.

మైళ్ళతో కొన్న టికెట్. చాలా ప్రోగ్రాముల్లో దీనికి స్టేటస్ లెక్క లేదు. స్టేటస్‌కు దగ్గర్లో ఉన్న ఏడాది మైళ్ళు ఖర్చు పెట్టకండి, డబ్బు పెట్టి ఎక్కండి.

కుటుంబ ఖాతా. కుటుంబమంతా కలిపి వేసుకోగలిగేది ఖర్చు పెట్టుకునే మైళ్ళనే. స్టేటస్ ఒక్కో మనిషిది. నలుగురూ ఎక్కినా నలుగురి టైర్ మైళ్ళు ఒకరి ఖాతాలో పడవు.

సొంత విమానాల షరతు. కొన్ని ప్రోగ్రాములు కూటమిలో ఎన్ని విమానాలెక్కినా తమ విమానాలు కొన్నైనా ఉండాలంటాయి. యునైటెడ్‌లో కనీసం నాలుగు. ఏడాది చివర్లో చూసుకుంటే ఆలస్యమైపోతుంది.

రెండు పడవల మీద కాలు. ఒక ఖాతా గోల్డ్ నంబరుతో లాంజ్ వాడుకుని, మైళ్ళు మాత్రం ఇంకో ఖాతాలో వేసుకుందామనుకుంటారు. పీఎన్‌ఆర్‌లో ఒక అంచెకు ఒక్కో మనిషికి ఒక్క నంబరే ఉంటుంది. సాధారణంగా సౌకర్యం ఏ ఖాతాదో మైళ్ళూ ఆ ఖాతావే.

## 11. కొంచెంలో ఆగిపోతే

గడువుకు మూడు నెలల ముందు ఖాతా తెరిచి ఎంత తక్కువైందో చూడండి. మూడు నెలలు ఎందుకంటే, అప్పటికి టికెట్ కొనే సమయం ఇంకా ఉంటుంది.

తక్కువైంది ఐదారు వేల మైళ్ళలోపైతే, ఎలాగూ వెళ్ళాల్సిన చోటికి ఆ కూటమిలోనే వెళ్ళండి. హైదరాబాద్ నుంచి సింగపూర్ ఒక వైపు సుమారు 2,000 మైళ్ళు, రానూపోనూ నాలుగు వేలు. వచ్చే ప్రయాణానికి కొంచెం పై క్లాస్ టికెట్ కొనడమూ ఒక మార్గం. స్టేటస్ కోసమే విమానమెక్కి తిరిగొచ్చేవాళ్ళు ప్రపంచంలో ఉన్నారు. నన్నడిగితే ఆ డబ్బుతో మూడేళ్ళకు సరిపడా అదనపు బ్యాగులు కొనుక్కోవచ్చు.

రెండో దారి స్టేటస్ మ్యాచ్. ఒక ఎయిర్‌లైన్‌లో గోల్డ్ ఉంటే, దాన్ని చూపించి పోటీ ఎయిర్‌లైన్‌ను అదే మెట్టు అడగడం. కొందరు నేరుగా ఇస్తారు, కొందరు మూడు నాలుగు నెలలకు తాత్కాలికంగా ఇచ్చి, ఆలోపు ఇన్ని విమానాలెక్కితే ఖాయం చేస్తామంటారు. మీ కార్డు, మీ పేరు, గడువు కనిపించే ఖాతా పేజీ, ఇటీవలి ప్రయాణాల జాబితా సిద్ధంగా ఉంచుకోండి. చాలాచోట్ల ఒక్కసారే ఇస్తారు. అందుకే తీరిగ్గా ఉన్న నెలలో కాదు, వరస ప్రయాణాలు మొదలయ్యే ముందు వారంలో అడగండి.

## 12. గోల్డ్ వచ్చాక

మొదట, ఇప్పటికే కొని ఉన్న టికెట్లు తెరవండి. పాత పీఎన్‌ఆర్‌లో పాత మెట్టే మిగిలిపోవచ్చు. నంబరు తీసేసి మళ్ళీ ఎక్కించండి. కొత్త బోర్డింగ్ పాస్ మీద స్టార్ గోల్డ్ అని, లేదా సఫైర్ అని పడితే లాంజ్ దగ్గర పేచీ ఉండదు. ఫోన్‌లో డిజిటల్ కార్డు దించుకుని పెట్టుకోండి.

ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పాల్సినవి రెండున్నాయి. అదనపు బ్యాగు మీ ఒక్కరిదే, ఒకే పీఎన్‌ఆర్‌లో ఉన్నా మిగతావాళ్ళకు రాదు. లాంజ్‌లోకి మీతో ఒక్కరినే రానిస్తారు, వాళ్ళూ మీతో పాటు ప్రయాణించేవాళ్ళే అయ్యుండాలి. భార్య, ఇద్దరు పిల్లలతో వెళ్తుంటే లాంజ్ గుమ్మం దగ్గర ఎవరు లోపలికి, ఎవరు బయట అన్న పంచాయితీ పెట్టుకోకుండా, మిగిలిన ఇద్దరికీ డబ్బు కట్టి రానిస్తారేమో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.